రోడ్డుమీద మక్కలు

క్లెయిమ్ అధికారి గారికి,

రోడ్డుమీద మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోసినవారి పేరు రాయమన్నారు. కుడిచెయ్యి విరగడంతో ఎడమచేత్తో రాస్తున్నాను, మన్నించండి.

ఆ రోజు కోరుట్ల నుంచి ఎలక్ట్రిక్ స్కూటర్ మీద ఇంటికి వస్తున్నాను. దానికి చప్పుడుండదు. మక్కలు తిరగేస్తున్న ఆమె నన్ను గమనించలేదు. ఆమెను తప్పించబోయి మక్కల మీద జారి పడ్డాను.

“మక్కలల్ల పడ్డవ్ కావట్టి బతికినవ్ బిడ్డా” అంది ఆమె.

ఆమె మా అమ్మ రాజవ్వ.

మీ ఉత్తరం చదివి వినిపించాను. “ఎవలో ఎరుక లేదని రాయి. నా పేరు రాస్తే పైసలిత్తరా? నీ చెయ్యి ఆపరేషన్ ఎట్లైతది?” అంది.

అమ్మ చెప్పింది నిజమే కావచ్చు. కానీ రోజూ నాకు అన్నం కలిపి తినిపిస్తున్న మనిషిని ఎవరో తెలియదని రాయలేకపోతున్నాను.

ఇట్లు,
పాలసీదారు