సీటు మీద చేతిరుమాలు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. ఈలోపు నీకో సంగతి చెప్పాలి. మీ గ్రేసీకి సింగపూర్‌లో పనికి పర్మిట్ వచ్చింది. ఈరోజే మొదటిసారి, మలేషియాలో మీ ఇంటి నుంచి నీలాగే వంతెన దాటి వెళ్లింది.

"ఇల్లు ఒక దేశంలో, పని ఇంకో దేశంలో. ఈ తిరుగుడు నాతోనే ఆగిపోవాలే" అనేదానివి. ఆగలేదక్కా. నేనూ చెప్పి చూశాను. "అమ్మ వెళ్లలేదా పిన్నీ?" అంది.

నీ మొదటి రోజు సరిహద్దులో పాస్‌పోర్టు చూపించడానికి అందరూ దిగుతుంటే, నువ్వు మన ఏలూరు బస్సులో లాగే సీటు మీద చేతిరుమాలు వేసి దిగావు. తిరిగొచ్చేసరికి బస్సూ లేదు, రుమాలూ లేదు. అక్కడ ఏ బస్సూ ఎవరి కోసమూ ఆగదట. ఫోన్లో అది చెబుతూ ఎంత నవ్వావో! దాని అంచు కుట్టింది మన అమ్మేనని మాత్రం చివర్లో మెల్లగా అన్నావు.

పొద్దున గ్రేసీ బయల్దేరే ముందు ఫోన్ చేస్తే, బస్సులో ఏదీ వదిలి దిగకే అన్నాను. "తెలుసు పిన్నీ, అమ్మ చెప్పింది" అంది.

తర్వాత ప్రార్థనకు కావలసినవి కొందామని భీమడోలులో ఏలూరు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, మనం కాలేజీకి వెళ్లేటప్పటిలా పక్క సీట్లో రుమాలు వేశాను. ఎందుకు వేశానో తెలియదు. బస్సు నిండిపోయింది. ఒకావిడ వచ్చి, "ఎవరైనా వస్తారాండీ?" అని అడిగింది.

రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఎవరూ రారండీ, కూర్చోండి" అన్నాను.