కమాను పట్టిన చూపుడు వేలు

సెప్టెంబర్ 23, సోమవారం, ఉదయం 6
చదువరీ, గుండెమీద చెయ్యేసి చెప్పు: నీ వేళ్లు ఐదూ నీ మాట వింటాయా? నావి వింటాయి! ఇరవై ఏళ్లుగా జర్మనీలో, సాక్సనీ కొండల్లో ఒక సంఘానికి వాక్యం చెబుతున్నవాణ్ని, ఐదు వేళ్లకు చెప్పలేనా?

సంగతిది. మా సంఘంలో డబుల్ బాస్, అదే, మనిషంత ఎత్తు వయొలిన్, వాయించే ఊహ్లిగ్ తాత ఈ వేసవిలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. అక్టోబర్ 6న కోత పండుగకు మనవాళ్లెవరైనా దానిమీద ఒక్క కీర్తన వాయిస్తే ఆ వాయిద్యాన్ని సంఘానికే ఇస్తానంది ఆయన భార్య హెడ్విగ్. లేకపోతే పట్నంలోని సంగీత పాఠశాలకు. నిన్న వేదికమీంచే ప్రకటించాను: నేను వాయిస్తాను! గురువెందుకు? లేఖనాలు నాకెవరు నేర్పారు?

నిర్ణయం: రోజూ గంట. వీపు నిటారు. బాస్ ఎడమ తుంటికి ఆనాలి. తీగలమీద లాగే కమాను జర్మన్ పద్ధతిలో: అరచేయి కిందినుంచి, బొటనవేలు పైన, చిటికెనవేలు అడుగున. ఫ్రెంచివాళ్లలా పైనుంచి పట్టుకోవడమా? శుద్ధ అహంకారం!

24, మంగళవారం
గంట పూర్తి! కిందినుంచి పట్టే చేతిలోని వినయం గురించి నా భార్య రోస్విటాకు వివరించాను.
"ఏవండీ, వాయించింది ఎనిమిది నిమిషాలేగా?"
అవిశ్వాసి.

26, గురువారం
తుంటి నొప్పి. దేవదూతతో పెనుగులాడిన యాకోబు తుంటికీ ఇదే గతి పట్టింది. అయినా దావీదు వాయించినది చంకలో ఇమిడే సితారా. ఇంత అల్మారాను మోయమని ఆయన్నెవరూ అడగలేదు. ఈరోజు విశ్రాంతి.

28, శనివారం
హెడ్విగ్ వచ్చింది. నా చెయ్యి చూసి కళ్లు చికిలించింది.
"బ్రదర్ ట్రౌగాట్, ఆ చూపుడు వేలు అలా బయటికి పొడుచుకొచ్చిందేం?"
"ప్రసంగం అలవాటమ్మా."
"పాపుల్ని ఇంకోచోట చూపించుకో. ఇక్కడ కమాను పక్కన ఆనించు. నొక్కకు. చేతి బరువు చాలు."
నొక్కకుండానా! నొక్కకపోతే ఈ లోకంలో ఎవరు మారారు?

అక్టోబర్ 1
సాధన లేదు. సాధన గురించి ప్రార్థించాను.

అక్టోబర్ 3
ఇంకా గట్టిగా ప్రార్థించాను. ప్లమ్ కేకు, రెండు ముక్కలు.

అక్టోబర్ 5
రేపు ఆత్మే నడిపిస్తుంది.

అక్టోబర్ 6, ఆదివారం
నడిపించలేదు.

ఆర్గన్ మొదలైంది. నా తొలి స్వరానికి ముందు వరుస చెవులు మూసుకుంది. మరింత నొక్కాను. వేలు పైకి లేచింది, కమాను జారి బలిపీఠం ముందు పండుగకు పేర్చిన గుమ్మడికాయల్లో పడింది. కీర్తన ఆగింది. అప్పుడు నాకు వచ్చిన పనే చేశాను: బూరల మోతకు కూలిన యెరికో గోడల గురించి ఇరవైరెండు నిమిషాల ప్రసంగం.

బయట హెడ్విగ్ ఆపింది. కళ్లు తడిగా ఉన్నాయి.
"నలభై ఏళ్లు మా ఆయన నోరు మెదపకుండా వాయించాడయ్యా. పాడేవాళ్లంతా ఆయన స్వరం మీదే నిలబడ్డారు. నీకు ఒక్క కీర్తన సేపు ఊరుకోవడం చేతకాలేదు. గురువారం పాఠశాల బండి వస్తుంది."
"ఆలోగా ఏమైనా..."
"ఒక్క తీగ. ఒక్క పొడుగాటి స్వరం, వణక్కుండా. వినిపించావా, బండిని ఖాళీగా పంపేస్తా."


అక్టోబర్ 7, సోమవారం, ఉదయం 6
కొత్త నిర్ణయం: రోజూ రెండు గంటలు! ప్రార్థన వాయించాకే. మధ్యలో ప్రసంగం లేదు. మిగిలినవి మూడే రోజులు. చదువరీ, నువ్వు కూడా ఏదో ఒకటి రేపటికి నెట్టేసే ఉంటావు. నా డైరీ చదువుతూ కూర్చోవడమూ నెట్టేయడమే. మూసేయ్! లే! ఈ ఉదయమే, ఈ నిమిషమే, మొదలుపెట్టు!