వెలిగారం పొట్లం మీది అడ్రసు

టంకం కొట్టు బాబాయిగారికి నమస్కారాలు.

నేను ఐదో తరగతితో ఆగిపోయాను. తప్పులుంటే మన్నించండి, రాత వంకరగా ఉంటే కాగితం తిప్పి చదువుకోండి. ఇంట్లో వెలిగారం పొట్లం మీద మీ అడ్రసు చూసి రాస్తున్నాను.

మా ఆయన కత్తులు చేస్తారు. పిడి మొదట్లో ఇత్తడి పట్టీ పెట్టి వెలిగారం చల్లి వెండి టంకంతో అతుకుతారు. అది కరిగేలోపు కత్తి ఎర్రగా కాలి మెత్తబడుతోంది. వంగిపోతున్నాయని హోటలు వంటమేస్త్రి ఆరు కత్తులూ తిప్పి పంపాడు. నెలాఖరుకి మంచివి ఇవ్వలేకపోతే ఈ పని మానేసి గోదాము కాపలాకి పోతానంటున్నారు. ఎవరినీ అడగరు. తక్కువ వేడికి కరిగే టంకం ఉంటే పంపండి. ఉక్కు తుప్పు పట్టని రకం.

చదివి కాల్చేయండి.

ఇట్లు,
కత్తులాయన భార్య

తా.క. పట్టీ సందులో నీళ్ళు దిగకూడదు. ఆ వంటమేస్త్రికి కత్తికన్నా నోరే పదును.

---

అమ్మాయికి దీవెనలు.

చదవగానే కాల్చాను. ఏం కావాలో రాసుకోలేదని కాల్చాక గుర్తొచ్చింది. కవరు మాత్రం మిగిలింది, దాన్ని కాల్చమని నువ్వు రాయలేదు. తక్కువ వేడి అన్న మాట గుర్తుంది. కెటిల్ మూతి కారుతోందని రాసినట్టు కూడా లీలగా ఉంది. రేడియోలకు వాడే టంకం, అది అంటుకోవడానికి గుగ్గిలం పంపుతున్నాను.

ఇట్లు,
టంకం కొట్టు ముసలాయన

తా.క. ఈమధ్య అందరూ కాల్చమనే రాస్తున్నారు. టంకం కొనడంలో అంత సిగ్గేముందో మరి.

---

బాబాయిగారికి,

ఆయన బజారుకి వెళ్ళినప్పుడు పాత కత్తి మీద వేసి చూశాను. గుగ్గిలానికి ఉక్కు లొంగలేదు. టంకం తామరాకు మీద నీటిబొట్టులా దొర్లి నా కాలి దగ్గర పడింది. అంతలో ఆయన వచ్చేశారు. ఏమిటిదంటే కెటిల్‌కి అన్నాను. "మన కెటిల్ కారదుగా" అన్నారు. ఇప్పుడు కారుతోంది. మేకుతో నేనే చిల్లి పెట్టాను.

కెటిల్ కాదు, కత్తి. తుప్పు పట్టని ఉక్కు, ఇత్తడి పట్టీ. నెలాఖరుకి పది రోజులే ఉన్నాయి. రాసుకుని, అప్పుడు కాల్చండి.

ఇట్లు,
కత్తులాయన భార్య

తా.క. ఆ చిల్లికి మాత్రం మీ టంకం బ్రహ్మాండంగా పట్టింది.

---

తల్లీ,

రాసుకునే కాల్చాను. కాస్త వెండి కలిపిన తగరం టంకం, ఉక్కుకు టంకం పట్టించే యాసిడ్ మందు, ఫ్లక్స్ అంటారు, పంపుతున్నాను. ఫ్లక్స్ రాసి పట్టీని వేడి చెయ్యి. మంట టంకానికి చూపించకు, లోహం వేడికే కరగాలి. తర్వాత వంటసోడా నీళ్ళతో కడుగు. యాసిడ్ మిగిలితే తుప్పు పట్టని ఉక్కు కూడా మాట తప్పుతుంది.

ఇట్లు,
టంకం కొట్టు ముసలాయన

తా.క. కడగడం మరిచిపోకు. మరుపు సంగతి నన్నడుగు.

---

బాబాయిగారికి,

ఆయన కొత్తగా చేసిన ఆరింటిలో ఒకటి చెప్పకుండా అతికాను. మూడుసార్లు కడిగాను. పొద్దున ఆయన దాన్ని బల్ల సందులో పెట్టి వంచబోయారు. వంగలేదు.

"ఎవరతికారు?"

"నేనే."

"నీకెవరు చెప్పారు?"

టీపొడి డబ్బాలోంచి మీ ఉత్తరాలు తీసిచ్చాను. మీరు కాల్చమనలేదుగా. రెండుసార్లు చదివారు.

"మిగతా ఐదూ నువ్వే అతుకు. నేను పట్టుకుంటాను" అన్నారు.

నిన్న ఇచ్చి వచ్చాం. వంటమేస్త్రి తిట్టలేదు. ఇంకో పన్నెండు చేయమన్నాడు. ఇంట్లో ఇప్పుడు గోదాము మాట లేదు.

కావలసినవి వెనక రాశాను. ఈ ఉత్తరం కాల్చకండి. గోడకి తగిలించండి.

ఇట్లు,
టంకం వేసే అమ్మాయి

తా.క. అసలు వెండి టంకం, వెలిగారం వాడమని ఎవరన్నారని ఆయన్ని అడిగాను. కత్తి మెత్తబడని టంకం పంపమని మూడు నెలల కిందట ఆయనే మీకు రాశారట. నాకు తెలియకూడదని, చదివి కాల్చేయమన్నారట. మీ దగ్గర్నుంచి వచ్చినవి ఆ వెండి టంకం, వెలిగారమేనట.