ముఖాలు లేని పన్నెండుమంది

జూలై 4
పొద్దున్నుంచి ముసురు. రంగు ఆరడం లేదు. తొండుపల్లి మడిలో పన్నెండుమంది ఆడవాళ్లు నాటు వేస్తున్న బొమ్మ. బురద, చీరలు, చేతులు అయ్యాయి. ముఖాలు ఎప్పుడూ చివరికే. అందరికీ అమ్మ ముఖమే పెడతాను. ముప్ఫై ఏళ్లుగా అంతే.

జూలై 5
సాతంరాయి నుంచి చిన్నమ్మ వచ్చింది. గోడకున్న పాత బొమ్మలన్నీ చూసింది.
"ఎవర్రా వీళ్లంత? అందరొక్క తీర్గనే ఉన్నరు."
"అమ్మనే, చిన్నమ్మా."
"మా అక్కనా? మా అక్క గిట్ల లేకుండె బిడ్డా."
నా భార్య సుగుణ వంటింట్లోంచి నవ్వింది. "ఇన్నేండ్ల సంది ఎవరితోని కాపురం జేస్తున్నడో చూడు."

జూలై 6
అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. ఫొటో లేదు. మరి నేను వేస్తున్నది ఎవరిని...
కుంచె పట్టలేదు.

జూలై 7
చిన్నమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె చెబుతుంటే బొగ్గుతో గీశాను. ఎయిర్‌పోర్టు పక్కనే, మోతకు మాట వినపడదు; విమానం పోయేదాకా ఆగడం, మళ్లీ మొదలు.
"ముక్కు జర పొడుగు. గదవ గంత లేదు, తగ్గియ్యి. ఏం పెయింటర్‌వురా, ముక్కు పెట్టరాదు!"
ఐదుసార్లు చెరిపాను.

జూలై 8
"గిదీ! అచ్చం మా అక్క." తొడ చరిచింది.
నాకు ఏమీ గుర్తుకు రాలేదు. ఎవరో ఆడమనిషి.
ముక్కు గురించి చెప్పేటప్పుడు తన ముక్కే తడుముకుంటోంది. గదవ అన్నప్పుడు తన గడ్డమే. నిన్న కూడా అంతే, ఇవాళ గమనించాను. కాగితం మీద ఉన్నది చిన్నమ్మ, ఇరవై ఏళ్ల వయసులో.
సుగుణకు చెప్పాను. "అక్కచెల్లెండ్లు గదా, గట్లనే ఉంటరేమో" అంది. కావచ్చు. కాకపోవచ్చు.

జూలై 9
మొదటి ఆమెకు పాత ముఖం వేశాను. చేయి దానంతటదే వేసింది. తుడిచాను. కొత్తది వేశాను. అదీ తుడిచాను.
సాయంత్రం చిన్నమ్మను అడిగాను – "నీకు అమ్మ మొకం నిజంగ యాదికున్నదా?"
కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "అందరు నన్ను జూసి అక్క లెక్కనే ఉన్నవనేటోళ్లు. ఇగ అద్దంల కనవడ్డదాన్నే అక్క అనుకున్న. ఏంది, తప్పా?"
కాదన్నాను. ఏది కాదో తెలియదు.

జూలై 10
ఎనిమిదిన్నరకు చిన్నమ్మ ఆటోలో సాతంరాయి వెళ్లింది. బొగ్గు బొమ్మ కావాలంది. ఇచ్చాను. మడిలో పన్నెండుమంది ఇంకా ముఖాలు లేకుండానే వంగి ఉన్నారు.