తమ్ముడి రక్తంలో కాపలాదారులు

ప్రియమైన అక్కకు,

శుభవార్త! దగ్గు తగ్గలేదని డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. యాంటీబాడీలు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువున్నాయట. రోగాలతో పోరాడేవి అవే కదా. కాపలావాళ్ళు ఎక్కువైతే ఇంటికి మంచిదేగా? ఈ మాట చెప్పి బ్యాండులో అందరికీ టీ తాగించాను. నీ మరదలు మాత్రం, "ముందు మీ అక్కనడగండి, ఆవిడ రోజూ ల్యాబులో రక్తాలతోనే కాపురం చేస్తుంది" అంటోంది. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో సంగతి. మా బ్యాండులో మొదటి శాక్సోఫోన్ కుర్చీ ఖాళీ అవుతోంది. త్వరలోనే పోటీ పెడతారు. "పాట మధ్యలో దగ్గేవాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టలేనయ్యా" అని బ్యాండు మాస్టారు మొహమ్మీదే చెప్పేశాడు. ఆ కుర్చీ నాకు కావాలక్కా.

నీ తమ్ముడు,
దగ్గుల దొర

ప్రియమైన దగ్గుల దొరగారికి,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. ఒరేయ్, వీధి మొగలో పోలీసులు గుంపుగా నిలబడితే భద్రంగా ఉందని సంబరపడతావా, ఏం జరిగిందని అడుగుతావా? ఇదీ అంతే. యాంటీబాడీలు ఊరికే పెరగవు. ఏదో జబ్బు లోపల దాక్కుని ఉండొచ్చు. శరీరం తనమీద తానే కత్తి దూసి ఉండొచ్చు. పీల్చే గాలిలో ఏదో పడకపోయుండొచ్చు. ఇంకా కారణాలున్నాయి. అంకె చూసి గంతులెయ్యకు, బెంబేలూ పడకు. అవి దేనిమీద లేచాయో తేల్చే పరీక్ష చేయించమని డాక్టరునడుగు.

ఈలోపు నాలుగు రోజులు మా ఇంటికొచ్చి పడుకో. ఆ శాక్సోఫోన్ మాత్రం అక్కడే వదిలేసి రా. మీ బావకి నిద్ర పట్టదు.

ప్రేమతో,
అక్క

ప్రియమైన అక్కా,

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క దగ్గు లేదు, చూశావుగా. ఇంటికొచ్చాక మళ్ళీ మొదలు! పిల్లి మీద అనుమానపడితే, "దాన్ని పంపిస్తే నేనూ దాని వెంటే" అంది నీ మరదలు. పాపం, దాని తప్పేం లేదు. నువ్వు చెప్పిన పరీక్షలో తేలింది, ఆ యాంటీబాడీలు బూజు మీద, అదే తడిచోట పట్టే ఫంగస్ మీద, లేచినవట.

ఇల్లంతా దులిపాను. గోడలకు సున్నం కొట్టాను. దిళ్ళు మార్చాను. పిల్లికి కూడా స్నానం చేయించి చేతులనిండా గీతలు పెట్టించుకున్నాను. దగ్గు అలాగే ఉంది. ఆ బూజు ఎక్కడుందో దొరక్కపోతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయట, ఊదడం మానుకోవాల్సి వస్తుందన్నాడు డాక్టరు. నాకు భయమేస్తోందక్కా. ఊదకపోతే నేనేం చేస్తాను?

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

భయపడకు. నేనున్నాను. రాత్రంతా ఆలోచించాను. మీ ఇంట్లో నువ్వు దులపనిదీ, మా ఇంటికి తీసుకురానిదీ ఒక్కటే, నీ శాక్సోఫోన్. దాన్ని ఎప్పుడైనా లోపల శుభ్రం చేశావా? మరదలికి ఫోన్ చేస్తే, "కడిగితే నాదం పోతుందని వాళ్ళ గురువుగారి మాటట వదినా, గుడ్డ కూడా పెట్టనివ్వరు" అంది. నీ గురుభక్తి చల్లగుండా! రోజూ ఉమ్మి తడితో ఊది పెట్టెలో మూసేస్తే బూజు పట్టక బంగారం పడుతుందా?

లోపల తుడిచిన దూది సీసాలో పెట్టి మా ల్యాబుకి పంపు. ఫలితం వచ్చేదాకా దాన్ని నోట పెట్టావో, నా మీద ఒట్టే.

నీ అక్క

ప్రియమైన అక్కకు, నా పాలిటి డిటెక్టివుకు,

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. సీసాలో దొరికిన బూజూ, నా రక్తం పోట్లాడుతున్న బూజూ ఒకటేనని చెప్పగానే డాక్టరు కూడా నోరెళ్ళబెట్టాడు. మరమ్మతు మేస్త్రీ వాద్యం విప్పి లోపలంతా కడిగిచ్చాడు. కొన్నాళ్ళు ఊదకుండా ఉన్నాక దగ్గు పోయింది. యాంటీబాడీలు మాత్రం నింపాదిగా దిగుతున్నాయి. డాక్టరు సరేనన్నాకే పోటీకి వెళ్ళాను. కుర్చీ నాదే! "ఇన్నాళ్ళూ గొంతులో దుప్పటి కప్పుకుని వాయించావేంటయ్యా?" అన్నాడు మాస్టారు.

ఆ సంతోషంలో గురువుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయాసమొచ్చి ఆయన ఊదడం మానేసి చాలా కాలమైంది. వయసే కారణమనుకున్నాం అందరం. నా కథంతా చెప్పాను. "నాకే పాఠం చెప్పడానికొచ్చావా?" అని కేకలేశారు. నేను కదల్లేదు. రేపు రక్తపరీక్షకు తీసుకెళ్తానన్నాను. చివరికి ఆయనే లోపలికి వెళ్ళి తన శాక్సోఫోన్ పెట్టె తెచ్చి తెరిచారు. నోట్లో పెట్టుకునే ముక్క తీసి సబ్బునీళ్ళలో రుద్దాను. నీళ్ళు నల్లగా దిగాయి.

ఆయన ఆ నీళ్ళకేసే చూస్తూ ఉండిపోయారు. కళ్ళు తుడుచుకుని, "ఇంకొంచెం సబ్బు వెయ్యరా" అన్నారు.

నీ తమ్ముడు