కాలవగట్టు మన్ను

అత్తా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకిప్పుడు ఐదో నెల. మన్ను తినాలని తెగ మనసవుతోంది.

నిన్న నీ కూతురు, మా వదిన, కాలవగట్టు మన్ను తెచ్చింది. "నన్ను మోసినప్పుడు మాయమ్మ తిన్నదీ మన్నే. తినే, గుంటా" అంది.

నువ్వు పోయాక ఆ గట్టుకు ఎగువన షెడ్డు వేశారు. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, చేపల వలలు మునగడానికి కట్టే గుళ్ళు పోస్తారు. ఆ మసి గాలికి గట్టు మీద పడుతుంది. కడిగిన నీళ్ళు కాలవలోకి వస్తాయి. అక్కడ మేసిన మన దూడ చూపు పోయి, గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చిపోయింది.

"నాకొద్దొదినా, ఆ మన్నులో విషముంది" అన్నాను, తల వంచుకునే.

"నోరొచ్చిందేటే నీకు? మన్నులో ఇసమేటి?"

"దూడకైంది నా బిడ్డకి అవ్వకూడదు. తోటకూర మడికి కూడా ఆ కాలవ నీళ్ళు కట్టొద్దు."

 వదిన మన్ను పారబోసి, చేతులు రెండుసార్లు కడుక్కుంది. సాయంత్రం ఇద్దరం మడికి బావినీళ్ళు మోశాం.

మన్ను మీద మనసు పోలేదత్తా. మనసైనప్పుడల్లా నువ్వు ఉప్పులో వేసి ఉంచిన చింతకాయ ముక్క నోట్లో వేసుకుంటున్నాను. జాడీ సగానికి వచ్చింది. నీ మనవడు పుట్టేదాకా సరిపోతుంది.