తాడుకి ఇవతల మూడు రోజులు

మార్చి 3, మంగళవారం

ఉదయం 10:20. స్టూడియోలో ఒక పెద్దాయనకి పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నా. గడ్డం కొంచెం పైకెత్తించి, "కదలకండి" అన్నా. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్.

"ఒరేయ్, పదమూడో తారీఖు నుంచి మూడు రోజులు మీ బావ వాళ్ల రైళ్ల ప్రదర్శన. నువ్వు రావచ్చట."

"బావే అన్నాడా?"

"అన్నారు. 'మీ తమ్ముడుగారు రావచ్చు' అన్నారు."

తమ్ముడుగారు! కాలికి కాదు, నేరుగా గుండెకే ముల్లు గుచ్చుకుంది. ఫోన్ పెట్టేసి చూస్తే పెద్దాయన ఇంకా గడ్డం పైకెత్తుకునే ఉన్నాడు. పాపం.

బావది గడియారాలు బాగుచేసే షాపు. తీరిక దొరికితే చాలు, బుల్లి రైళ్లు చేస్తాడు. అరచేతిలో పట్టే ఇంజన్లు, అగ్గిపుల్లంత సిగ్నళ్లు, వేలి గోరంత మనుషులు. ఏటా వాళ్ల క్లబ్బు వాళ్లంతా ఒక హాల్లో బల్లలేసి, తాళ్లు కట్టి, జనానికి చూపిస్తారు. పోయినేడు నేనూ వెళ్లా, కెమెరా బ్యాగు వీపుకి తగిలించుకుని. వెనక ఎవరో "కాస్త జరగండి" అన్నారు. జరిగా. నేనొక్కణ్ణే జరిగి ఉంటే గొడవే లేదు. ప్లాట్‌ఫారం కప్పు, దాని కింద రైలు కోసం నిలబడ్డ పదకొండు మంది ప్రయాణికులు, ఒక కుక్క, అందరూ నాతోపాటే జరిగి కిందపడ్డారు. కుక్క దొరకనే లేదు.

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఫర్వాలేదండీ" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా "ఏరా" అని పిలిచిన మనిషి ఆ రోజు నుంచి "మీరు" మొదలెట్టాడు. "మీరు భోంచేశారా?" "మీ షాపు ఎలా నడుస్తోందండీ?" ఏడాదిగా ఇదే శిక్ష.

సాయంత్రం 6:00. నిర్ణయం తీసేసుకున్నా! ఈసారి ఆ హాల్లో నాకంటే మర్యాదస్తుడు ఉండకూడదు. బావ నోట మళ్లీ "ఏరా" అనిపించుకోవాలి.

1. ఫ్లాష్ కొట్టను.
2. స్టాండు తీసుకెళ్లను.
3. బ్యాగు వీపు మీద కాదు, పొట్ట మీద.
4. తాడు దాటి చెయ్యి పెట్టను. మోచెయ్యి కూడా చెయ్యే.
5. అడక్కుండా ఫోటో తీయను.
6. పిల్లల ముందు నిలబడను.
7. "బొమ్మ రైలు" అనను. చచ్చినా అనను. బావకి ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మోడల్ అనాలి.

కాగితం స్టూడియో అద్దం పక్కన అంటించా. చూస్తుంటేనే కడుపు నిండిపోయింది.

మార్చి 4, బుధవారం

ఈరోజు అయిదో నియమం సాధన. ఫోటోకొచ్చిన ప్రతివాళ్లనీ ముందు అడిగా.

"అమ్మా, మీ ఫోటో ఒకటి తీసుకోవచ్చా?"

"మరి నేనెందుకొచ్చానయ్యా? నీ మొహం చూసి పోదామనా?"

ఆరుగురిని అడిగా. ఇద్దరు ఎదురుగా ఉన్న స్టూడియోకి వెళ్లిపోయారు. ఫర్వాలేదు. మర్యాద ఊరికే అలవడదు.

మార్చి 6, శుక్రవారం

ఉదయం 8:00. మూడో నియమం. బ్యాగు పొట్ట మీద వేసుకుని ఇల్లంతా తిరిగా. మా ఆవిడ పైనుంచి కిందకి చూసి, "ఎన్నో నెల?" అంది.

జవాబివ్వలేదు. మర్యాదస్తులు ఇవ్వరు.

సాయంత్రం 5:30. నాలుగో నియమం. బిస్కెట్ల డబ్బా ఉన్న అలమారకి అడ్డంగా బట్టలారేసే తాడు కట్టా. ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పావుగంట ఉత్తినే చూశా. ముట్టుకోలేదు! మా ఆవిడ తాడు కింద నుంచి చెయ్యి పెట్టి రెండు బిస్కెట్లు తీసుకుని, నా ఎదురుగా నిలబడి తిని వెళ్లిపోయింది. ఆ తాడు ఎప్పటికీ అలాగే ఉంచమంది.

మార్చి 12, గురువారం

అంతా సిద్ధం. బ్యాటరీలు చార్జింగ్ పెట్టా. ఫ్లాష్ తీసి సొరుగులో పెట్టి తాళం వేశా. తాళంచెవి మా ఆవిడకిచ్చా. మనసు తేలికపడింది. మనిషి తల్చుకోవాలే గానీ!

మార్చి 13, శుక్రవారం: ప్రదర్శన మొదటి రోజు

10:30. హాలు. తలుపు దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న ఒకావిడ. రిటైరైన హెడ్మిస్ట్రెస్ అట, క్లబ్బు వాళ్లకి సాయం చేస్తోంది. నన్ను చూడగానే కళ్లద్దాలు సర్దుకుంది. "పోయినేడు వచ్చారు కదూ?"

గుర్తుందన్నమాట.

10:45. బావ బల్ల. రెండు ప్లాట్‌ఫారాలు, వంతెన, సొరంగం. పదకొండు మందీ మళ్లీ నిలబడ్డారు. ట్వీజర్లతో పట్టుకుని ఒక్కొక్కరి కాళ్లూ అతికించడానికి బావకి రెండు నెలలు పట్టిందని అక్క చెప్పింది.

"బావా, ఫోటో తీసుకోవచ్చా?"

"తప్పకుండా తీసుకోండి."

తీసుకోండి. సరే. ఇంకా మొదటి రోజే కదా.

11:00 నుంచి 12:40. బడిపిల్లలు. ఒక వరస జరిగితే ఇంకో వరస. ఆరో నియమం ప్రకారం అందరి వెనకా నిలబడ్డా. తీసిన ఫోటోలు నలభై ఒకటి. వాటిలో జడలు, తలకాయలు ముప్ఫై ఎనిమిది. రైలు కనిపించేవి మూడు, అందులో రెండు మసకమసకగా వచ్చాయి. అయినా ఒక్క నియమం తప్పలేదు!

1:15. బావ: "మీరు మంచినీళ్లు తాగుతారా?"

ఏడుపొచ్చింది. తాగా.

మార్చి 14, శనివారం: రెండో రోజు

11:10. ఒక పొడుగాటి మనిషి సరిగ్గా బావ బల్ల ముందే మూడు కాళ్ల స్టాండు తెరిచి, సొంత వరండాలో వాలుకుర్చీ వేసుకున్నంత దర్జాగా నిలబడ్డాడు. వెనక ముసలాళ్లు మెడలు సాగదీస్తున్నారు.

"సార్, స్టాండు పెట్టకూడదు."

"మీరు క్లబ్బు మెంబరా?"

"కాదు. మెంబరుగారి బావమరిదిని."

"అదేం పదవి?"

ఆ తర్వాత అరిచానంటున్నారు. అరవలేదు, గొంతు పెంచా. హెడ్మిస్ట్రెస్ వచ్చింది. స్టాండాయన్ని ఏమీ అనకుండా నన్ను పక్కకి తీసుకెళ్లి, "మీ గొంతుకి ఆ చివర బల్ల మీద గూడ్సు బండి పట్టాలు తప్పింది" అంది. అబద్ధం. అయినా అరవకూడదని నా ఏడు నియమాల్లో ఎక్కడుంది?

2:00. ఒకావిడ సొరంగం మీద టీ గ్లాసు పెట్టింది. పచ్చటి కొండ మీద పొగలు కక్కే టీ! గబుక్కున తీసేశా. అవును, చెయ్యి తాడు దాటింది. కానీ సాయం చెయ్యడానికి దాటితే దాటినట్టు కాదు.

3:30. మధ్యాహ్నం ఇంటికెళ్లి జేబులో పట్టే చిన్న స్టాండు తెచ్చుకున్నా. ఇది స్టాండు కాదు, స్టాండు పిల్ల.

4:00. అడక్కుండా ఓ పాతిక తీశా. నిన్న అడిగాగా. పొద్దస్తమానం అదే అడిగితే బావకి మాత్రం విసుగు రాదూ?

5:20. ఒక ముసలాయన దగ్గరికొచ్చి, "ఏంటి బాబూ ఇది?" అన్నాడు.

"బొమ్మ రైలండీ" అన్నా.

అనేశా. బావ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు. అద్దాలు ముందే శుభ్రంగా ఉన్నాయి.

ఇంటికొచ్చాక మా ఆవిణ్ణి సొరుగు తాళంచెవి అడిగా, ఊరికే, ఫ్లాష్‌కి దుమ్ము పట్టకుండా తుడుద్దామని.

మార్చి 15, ఆదివారం: మూడో రోజు

10:15. పొట్ట మీద బ్యాగుతో నడుము పట్టేసింది. భుజానికి మార్చా. భుజం వీపు కాదు.

12:00. పిల్లల ముందు గొంతుక్కూర్చున్నా. నిలబడనన్నా గానీ కూర్చోనని అనలేదు. వెనక నుంచి ఒక పాప: "అంకుల్, మీ తలకాయ స్టేషను కంటే పెద్దగా ఉంది."

ఇక జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

3:10. హాలు కిటకిటలాడుతోంది. ఎక్స్‌ప్రెస్ సొరంగం మూతి దగ్గర ఆగిపోయింది. బావ ఒక కంటికి గడియారాల భూతద్దం పెట్టుకుని, పట్టాల మీదుగా ఒంగి, రెండు వేళ్లతో ఇంజన్ని కదుపుతున్నాడు. నలభై ఏళ్ల పని ఆ వేళ్లలో కనిపిస్తోంది. మొహంలో ఆ పట్టుదల! ఆ మూల మాత్రం చీకటి. ఇలాంటి ఫోటో జన్మకొకసారి దొరుకుతుంది. ఫ్లాష్ బ్యాగులోనే ఉంది.

కొట్టా.

అదే క్షణంలో ఫెళ్లుమంది. వంతెన కూలింది. దానితోపాటు స్టేషను గడియారం స్తంభం, టికెట్ల గది, సగం ప్లాట్‌ఫారం.

హాల్లో అందరి తలలూ నావైపు తిరిగాయి. చేతిలో ఫ్లాష్, భుజాన బ్యాగు, మోకాళ్ల మీద నేను.

"మళ్లీ మీరేనా!" అంది హెడ్మిస్ట్రెస్. "బయటికి నడవండి."

నిజం చెప్పాలంటే నాకే అనుమానం వచ్చింది, నేనేనేమో అని. అక్క మొహం పాలిపోయింది. క్లబ్బు ప్రెసిడెంటు వచ్చి, "ఈయన్ని వచ్చే ఏడు లోపలికి రానివ్వకండి" అన్నాడు. బ్యాగు తీసుకుని లేచా. తలుపు దాకా ఇరవై అడుగులుంటుందేమో. ఎనిమిది వేశా.

"వాడు కాదు."

బావ గొంతు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు, అయినా హాలంతా వినబడింది.

"వాడు కాదండీ. నా చొక్కా చేతి గుండీ వంతెన స్తంభానికి తగులుకుంది. నేను చూసుకోకుండా లాగేశాను. వంతెన కూల్చింది నేనే."

ప్రెసిడెంటు నమ్మలేదు. బావ జీవితంలో ఒక్క స్క్రూ కూడా జారవిడవలేదని క్లబ్బులో పేరు. ఆ పేరుని అందరి ముందూ తన చేత్తోనే కింద పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యెత్తి చూపించాడు. గుండీ ఊడి, దారం వేలాడుతోంది.

నాకు వంతెన కనిపించలేదు, గుండీ కనిపించలేదు. "వాడు" అన్నాడు. రెండుసార్లు!

"గుడ్లప్పగించి చూస్తావేంరా?" అన్నాడు నాతో. "ఇటు రా. నీ చేతులు సన్నగా ఉంటాయి, సొరంగంలో పడ్డవాళ్లని తియ్యి."

"తాడు దాటి రావాలి బావా."

"దాటు!"

దాటా. గంటన్నర ఇద్దరం మోకాళ్ల మీద. నేను ఏరి ఇచ్చా, బావ నిలబెట్టాడు. టికెట్ల గది కప్పు హెడ్మిస్ట్రెస్ చెప్పు కింద దొరికింది. ఆవిడ నాకు సారీ చెప్పింది, కానీ ఫ్లాష్ గురించి వేరే మాట్లాడాలంది. మాట్లాడింది. పావుగంట.

అక్క మాత్రం, "ఇద్దరూ ఒకరికొకరు సరిపోయారు, మధ్యలో నా ప్రాణం తీశారు" అని టీ తెచ్చిచ్చింది.

6:30. లెక్క చూసుకున్నా. ఏడు నియమాల్లో మిగిలినవి: సున్నా.

మార్చి 16, సోమవారం

11:00. స్టూడియోలో ఫోటోలు తెరిచా. ఆ ఫ్లాష్ ఫోటో! బావ మొహం, భూతద్దం, వేళ్లు. కింద ఓ మూలన, స్తంభానికి తగులుకున్న గుండీ, బిగుసుకున్న దారం. వంతెన అప్పుడే ఒరుగుతోంది. నేను నిర్దోషినని సాక్ష్యం. నిన్నంతా నా చేతుల్లోనే ఉంది, నాకే తెలీదు.

పెద్ద సైజులో వేసి బావ షాపుకి పట్టుకెళ్లా. బావ భూతద్దం పెట్టుకుని చూశాడు. ముందు తన మొహం, తర్వాత గుండీ. గోడల మీద గడియారాలన్నీ తలో టైము చూపిస్తున్నాయి.

"ఫ్లాష్ కొట్టావు" అన్నాడు.

"కొట్టా బావా."

"కొట్టకూడదు."

"తెలుసు."

ఇంకాసేపు చూశాడు. "నేను పని చేస్తుంటే ఇలా ఉంటానా?"

"ఇలాగే ఉంటావు."

"మీ అక్క ఎప్పుడూ చెప్పలేదు." ఫోటోని కౌంటరు వెనక, కస్టమర్లకి కనబడని గోడకి, తనకి కనబడే చోట పెట్టుకున్నాడు. "పోయినేడు నీతో అలా మాట్లాడకుండా ఉండాల్సింది రా. కోపం వస్తే నాకు తిట్లు రావు. మర్యాద వస్తుంది."

నేనేమన్నానో గుర్తులేదు. ముక్కు చీదుకున్నా, అది గుర్తుంది.

మార్చి 22, ఆదివారం

10:00. బావే ఫోన్ చేశాడు! వచ్చే నెల ఇంకో హాల్లో ప్రదర్శన. "కెమెరా తెచ్చుకో. సాయంత్రం ఇంటికి రా, కొత్త వంతెన కడుతున్నా."

అందుకని కొత్త నిర్ణయం. పాత కాగితం చింపేశా. ఏడు మరీ ఎక్కువ, అందుకే తప్పా. ఈసారి ఒక్కటే: ముట్టుకోను. దేన్నీ. ఈ క్షణం నుంచే అమలు.

5:10. బావ ఇల్లు. వంతెన అద్భుతం. చేతులు వెనక్కి కట్టుకుని ఆరు నిమిషాలు చూశా. బావ మెచ్చుకోలుగా చూసి, "పట్టుకుని చూడరా, జిగురు ఆరిపోయింది" అన్నాడు.

వద్దన్నా. బతిమాలాడు. పెద్దవాడి మాట కాదంటే బాగుండదు.

5:25. ఆరలేదు.

ఇదంతా ఎడమ చేత్తో రాస్తున్నా. కుడి బొటనవేలు వంతెన మూడో స్తంభానికి అతుక్కుంది. అక్క వేడినీళ్లు కాస్తోంది. బావ పక్కనే కూర్చుని, "కదిలావంటే చంపేస్తా" అంటున్నాడు. రేపు పొద్దున్నించి మళ్లీ మొదలుపెడతా. ఒక్క నియమమే, కాకపోతే కాస్త పెద్దది: అడక్కుండా ముట్టుకోను, అడిగినా ముట్టుకోను, బతిమాలినా ముట్టుకోను.